ఉమ్మడి బావి కేసు

నీటి పరీక్షల పనిలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. వాళ్ళను పంపినవాళ్ళు నా గురించి ముందే చెప్పి ఉంటారు: అనుమానాల మనిషి, ప్రతిదానికీ అర్జీ పెట్టేవాడు, ఎక్కడా ఇమడనివాడు అని. కాదనను. ఉద్యోగమంతా అనుమానంతోనే చేశాను. నీళ్ళు తెచ్చిన సీసాను అనుమానించాను, దాని మూతను అనుమానించాను, తెచ్చిన మనిషిని మరీ అనుమానించాను. అందువల్ల పోగొట్టుకున్నది చాలా ఉంది. కానీ అనుమానం తీరకుండా ఒక్క రిపోర్టు మీదా సంతకం పెట్టలేదు. ఆ మాట నా తర్వాత ఆ కుర్చీల్లో కూర్చున్నవాళ్ళు ఎంతమంది అనగలరో వాళ్ళనే అడగండి.

ఎనభైల తొలి ఏళ్ళ సంగతి. తిరుపతిలో మా లాబ్ ఒక పాత ఇంటి ముందు భాగంలో ఉండేది. నేను, ఒక అటెండరు, మా మీద ఒక ఆఫీసరు. ఆఫీసరు నాకంటే వయసులోనూ సర్వీసులోనూ చిన్నవాడు. ఆ కుర్చీ నాకు రావలసినది. ఎందుకు రాలేదో రాస్తే ఇంకో పుస్తకమవుతుంది. ఆయనకు జీపు ఉండేది. ఆ జీపు బావుల దగ్గరికి వెళ్ళిన రోజులకంటే ఆయన అత్తగారిని అలిపిరి దాకా దింపిన రోజులే ఎక్కువ.

ఒకరోజు చంద్రగిరి వైపు నుంచి ఒక హెడ్ కానిస్టేబుల్ వచ్చి, లక్కతో సీలు వేసిన సీసా ఒకటి నా బల్ల మీద పెట్టాడు. అది బ్రాందీ సీసా. కేసు ఇది. చంద్రగిరి దాటి లోపలికి పోతే ఒక ఊరు. అక్కడ అన్నదమ్ముల బిడ్డలిద్దరికి ఉమ్మడి బావి, ఉమ్మడి మోటారు. వంతుల ప్రకారం నీళ్ళు పారించుకుంటారు. ఊళ్ళో వాళ్ళను పెద్దోడు, చిన్నోడు అంటారు కాబట్టి నేనూ అలాగే రాస్తాను. బావి గట్టు మీద నీళ్ళు తాగిన కాసేపటికి పెద్దోడి పాడి ఆవులు రెండూ వణికి, కడుపులుబ్బి, అక్కడే పడి చచ్చిపోయాయి. చిన్నోడే బావిలో ఎండ్రిన్ పురుగుమందు పోశాడని పెద్దోడు కేసు పెట్టాడు. చిన్నోడు ఆ ముందురోజే చంద్రగిరిలో ఎండ్రిన్ కొన్నాడు. వేరుశనగకు కొట్టడానికే కొన్నానంటాడు. ఆ వారంలోనే మోటారు రిపేరు గురించి ఇద్దరూ గట్టు మీద చొక్కాలు పట్టుకున్నారు కూడా. పశువుల డాక్టరు విషం అని రాసిచ్చాడు. చిన్నోణ్ణి స్టేషనుకు తీసుకుపోయి కొట్టి, పొద్దునా సాయంత్రం వచ్చి కనబడమని వదిలారు. మా రిపోర్టు అందగానే లోపల వేస్తారు.

"నీళ్ళల్లో మందుండాదని రాసిచ్చేయండి సార్, మాకు పనైపోతాది" అన్నాడు హెడ్డు.

పురుగుమందు తేల్చే ఏర్పాటు మా దగ్గర లేదు. దానికి హైదరాబాదు పంపాలి, అక్కడి జవాబు ఎప్పుడొస్తుందో దేవుడికెరుక. మేము చేయగలిగినవి ఉప్పు, గట్టితనం, అమ్మోనియా వంటివి. అవే చేశాను. అమ్మోనియా పరీక్షలో మామూలు బావి నీళ్ళకు లేత పసుపు కనబడితే ఎక్కువ. ఇక్కడ రసాయనం చుక్కలు పడగానే ఇటుక రంగు మడ్డి కట్టి పరీక్షగొట్టం అడుక్కు దిగిపోయింది. అంత అమ్మోనియా నేను మురుగు కాలువలో కూడా చూడలేదు.

మా అటెండరు గొట్టం వైపు చూసి, "పోలీసోళ్ళ సీసా గదా సార్, నింపేటప్పుడు యేం పోసినారో" అన్నాడు. వాడు అన్నది తమాషాకే. నాకు మాత్రం తమాషా అనిపించలేదు.

ఆఫీసరుకు చూపిస్తే, ఎవరో బావిలో యూరియా పోశారని ఆయన తేల్చేశాడు. "పోసిందెవరో పోలీసులు చూసుకుంటారు. బావిలో ఎరువు కలిపారని రాసెయ్" అన్నాడు. కలిపారు అన్న ఆ ఒక్క మాట రాస్తే చిన్నోడు జైల్లో ఉంటాడు. కలిసింది అని రాయడం వేరు, కలిపారు అని రాయడం వేరు. అదే చెప్పాను. పైగా బ్రాందీ సీసాలో వచ్చిన నీళ్ళ మీద నేను ఏ మాటా రాయనన్నాను. నాలుగు గోడల మధ్య చెప్పవలసిన జవాబు ఆయన వరండాలో అందరూ వినేలా చెప్పాడు: "నీకు ఇంట్లో పెళ్ళాం కాఫీ ఇచ్చినా పరీక్ష చేసే తాగుతావేమయ్యా?" హెడ్డు నవ్వాడు, పనుల మీద వచ్చి బయట నిలబడ్డవాళ్ళు నవ్వారు. నా భార్య ఆ సంవత్సరమంతా జబ్బుగా ఉందని ఆయనకు తెలుసు. ఆ మాట నేను ఇప్పటికీ క్షమించలేదు.

మర్నాడు కడిగిన సీసాలు గుడ్డసంచిలో సర్దుకుని బస్సెక్కాను. జీపు అడిగితే అలిపిరి వెళ్ళిందన్నారు.

ఆ ఊళ్ళో చెరుకే చెరుకు. ఒకప్పుడు ఒకటి రెండు బస్తాల యూరియాతో సరిపెట్టిన మడికి, ఆ రోజుల్లో దానికి రెట్టింపు, అంతకు మించీ వేస్తున్నారు. ఎరువుల కొట్టువాడు వేయమన్నాడు, పక్కవాడు వేశాడు, బెల్లం దిగుబడి పెరిగింది, ఇంకెవరు ఆగుతారు? ఆ ఏడు వానలు లేవు. బావి అడుగున మోకాటి లోతు నీళ్ళు మాత్రమే కనబడుతున్నాయి.

నేను బావి దగ్గరకు చేరేలోపే రెండిళ్ళ నుంచీ కాఫీ వచ్చింది. రెండూ తాగలేదు. ఒకటి తాగితే ఆ పక్షం మనిషినైపోతాను. రెండూ తాగకపోతే, తాగనవసరం లేనంతగా ఎవరో ముందే నా చేయి తడిపారని అనుకుంటారు. అనుకున్నారు కూడా, గట్టు మీద కూర్చున్న ముసలివాళ్ళు నాకు వినబడేలాగే అనుకున్నారు.

చిన్నోడు దూరంగా చింతచెట్టు మొదట్లో నిలబడ్డాడు. ఒక చెవి వాచి ఉంది. దగ్గరకు రమ్మంటే అన్న వైపు చూసి గాని కదల్లేదు.

"నేనెందుకు పోస్తాను సామీ? ఆ బాయి నీళ్ళే గదా నా బిడ్డలు గూడా తాగేది" అన్నాడు.

"బిడ్డలకి ముందే నీళ్ళు పట్టిపెట్టుకోనుంటావులేరా" అన్నాడు పెద్దోడు.

చెప్పొద్దూ, నాకు ఇద్దరి మీదా అనుమానమే. చిన్నోడి మాట మరీ ముందే అనుకుని వచ్చినట్టుంది. పెద్దోడి ఏడుపులో ఆవులకంటే కేసే ఎక్కువ వినబడింది. బావిని మొత్తం తన చేతిలోకి తెచ్చుకోవడానికి పెద్దోడే ఎందుకు పోసి ఉండకూడదు అని కూడా అనుకున్నాను.

సీసాలు నింపుకున్నాక పెద్దోణ్ణి మోటారు వేసి చూపించమన్నాను. ఆయన బిందెడు నీళ్ళు తెచ్చి, పంపు పైన బిరడా తీసి అందులో పోసి, ఆ తర్వాత స్విచ్చి వేశాడు. ప్రతిసారీ ఇలా పోయాల్సిందేనా అని అడిగితే, బావి అడుగున పైపు మూతికి ఉండే వాల్వు అరిగిపోయిందని, నీళ్ళు పైపులో నిలబడవని చెప్పాడు. ఆ వారం కొట్లాట దాని గురించే. నా వంతులో బాగానే ఉంది, నీ వంతులోనే చెడింది, నువ్వే మార్పించు అని ఇద్దరూ ఒకరినొకరు అంటున్నారు. ఎవరూ మార్పించలేదు.

పంపు నుంచి వచ్చే నీళ్ళు గట్టు మీద సిమెంటు తొట్టిలో పడి, అక్కడి నుంచి కాలువలోకి పారతాయి. మామూలుగా పైపు మూతి తొట్టికి పైన ఉంటుంది, నీళ్ళు ధారగా పడతాయి. ఇక్కడ పైపు మూతికి రబ్బరు గొట్టం ఒకటి బిగించి తొట్టి అడుగుదాకా దించారు. ఎందుకంటే, ఎరువు బస్తా మూతి విప్పి ఆ తొట్టిలో దించుతారు. గొట్టంలోంచి నీళ్ళు జోరుగా బస్తాలోకి కొడితే యూరియా త్వరగా కరిగి కాలువ వెంట చెరుకంతటికీ పోతుంది. మనిషి మడిలోకి దిగి చల్లనక్కర్లేదు. ఆ ఊళ్ళో అందరూ అలాగే చేస్తున్నారు. పెద్దోడు అది గర్వంగా చూపించాడు.

నేను అది చూస్తుండగానే కరెంటు పోయింది. ఆ రోజుల్లో కరెంటు పోవడం వింత కాదు, ఎవరూ తల కూడా తిప్పలేదు. మోటారు ఆగిన ఆ నిశ్శబ్దంలో తొట్టి అడుగున గుడగుడమని చప్పుడైంది. వంగి చూశాను. తొట్టిలో నీళ్ళు తగ్గుతున్నాయి. కాలువ వైపు పారకుండానే తగ్గుతున్నాయి.

పెద్దోడి భార్య పశువులు నీళ్ళు తాగే గోలెం దగ్గర నిలబడి ఉంది. ఆవులు చచ్చిన రోజు నీళ్ళు తోడింది ఆమె. ఆ రోజు మోటారు ఎవరి వంతని అడిగాను. మాదే అంది. కరెంటు ఉందా అన్నాను.

"కరెంటు పొయ్యిండాదనే గదా సామీ బాయిలో చేద వేసి తోడినాను. లేకుంటే మోటరు కాడే పడతాను."

"తొట్టిలో బస్తా ఉందా?"

ఆమె మొగుడి వైపు చూసింది. పెద్దోడు, "ఆడోళ్ళకేం తెలుస్తాది సార్, ఆ పొద్దు బస్తా లేదు" అని అడ్డం వచ్చాడు. 

బస్సులో తిరిగి వస్తూ తొట్టిని, గొట్టాన్ని, అరిగిన వాల్వును ఒకచోట చేర్చుకుని చూశాను. మోటారు ఆగగానే పైపులో నిలవవలసిన నీళ్ళు బావిలోకి జారతాయి. జారుతూ, తొట్టిలో మునిగి ఉన్న గొట్టం ద్వారా తొట్టి నీళ్ళను కూడా లాక్కుపోతాయి. బస్తా యూరియా కరిగిన నీళ్ళు మోకాటి లోతు బావిలోకి. వాల్వు బాగుంటే జరగదు. గొట్టం తొట్టికి పైన ఉంటే జరగదు. బావి నిండుగా ఉంటే జరిగినా ఆవులు చావవు. అన్నీ ఆ ఏడే కుదిరాయి.

ఆఫీసరుకు చెప్పాను. నీళ్ళు వెనక్కి పారతాయా అని ఆయన నవ్వాడు. నిరూపిస్తానన్నాను. నిరూపించడం మన పని కాదు, రాయడమే మన పని అన్నాడు. నేను సెలవు చీటీ రాసి ఆయన బల్ల మీద పెట్టి, కలరా రోజుల్లో బావుల్లో వేసే పర్మాంగనేటు పొట్లం ఒకటి సంచిలో వేసుకున్నాను. నేరుగా స్టేషనుకు వెళ్ళి, ఆ బ్రాందీ సీసా సంగతి జిల్లా పెద్దలకు రాయకుండా ఉండాలంటే నాతో రమ్మని హెడ్డును అడిగాను. ఆయన నన్ను ఒక చూపు చూసి టోపీ పెట్టుకున్నాడు.

ఆ రోజు ఊరంతా గట్టు మీదే ఉంది. ఎరువుల కొట్టువాడు కూడా స్కూటరు మీద వచ్చాడు; ఎవరు పిలిచారో ఎవరూ చెప్పలేదు. నేను ఏ వస్తువూ తాకలేదు. తాకితే రేపు నేనే చేశానంటారు. పర్మాంగనేటు గుడ్డలో మూటకట్టి, బస్తా బదులు దాన్ని రోజూ వేసినట్టే తొట్టిలో వేయమని పెద్దోడికి ఇచ్చాను. పంపులో నీళ్ళు పోయమన్నాను, మోటారు వేయమన్నాను. క్షణాల్లో తొట్టి నిండా వంగపండు రంగు. కాలువలో వంగపండు రంగు. పిల్లలు కేకలు పెట్టారు. అందరినీ బావిలోకి చూడమన్నాను. బావిలో నీళ్ళు మామూలుగానే ఉన్నాయి.

"ఇప్పుడు కరెంటు పోయిందనుకోండి" అని హెడ్డును స్విచ్చి కట్టేయమన్నాను.

తొట్టిలో గుడగుడ మొదలైంది. కాసేపు బావిలో ఏమీ కనబడలేదు. కొట్టువాడు నవ్వబోయాడు. అంతలో బావి అడుగున, పైపు మూతి దగ్గర, రంగు ఒక మబ్బులా లేచింది. అలా లేస్తూ, పరుచుకుంటూ, ఆ కాస్త నీళ్ళనూ నింపేసింది. పైన తొట్టి ఖాళీ అయి గొట్టం గాలి పీల్చి సకిలించింది.

 మొదట కదిలింది పెద్దోడి భార్య. గోలెం అంచు పట్టుకుని కూలబడింది.

"అంటే నా ఆవుల్ని నేనే సంపుకున్నానా?" అన్నాడు పెద్దోడు. అడిగింది నన్ను కాదు, బావిని.

చిన్నోడు చెట్టు కింద నుంచి గట్టు మీదికి వచ్చాడు. సంతోషిస్తాడనుకున్నాను. రంగు నీళ్ళ వైపు చూసి, "మొన్న నా వంతులో గూడా బస్తా యేసినాను నాయనా. నా గొడ్లు ఈడ తాగల్యా, అంతే" అన్నాడు. హెడ్డు టోపీ తీసి విదిలించుకుని, ఇక స్టేషనుకు రానక్కర్లేదని అతనితో చెప్పాడు. అతని చెవి వంక మాత్రం చూడలేదు.

ఆ రోజు తిరుపతికి వచ్చేసరికి నాకు పెద్ద పని చేసినట్టే ఉంది. రిపోర్టు రాశాను. విషం ఎవరూ కలపలేదని, ఎరువు కలిసిన తొట్టి నీళ్ళు పైపు ద్వారా బావిలోకి తిరిగి వచ్చాయని రాశాను. అక్కడితో ఆపలేదు. ఆ చుట్టుపక్కల ఊళ్ళన్నిటా బస్తాలు తొట్టిలో వేసే అలవాటు ఉందని, తాగే బావులను పరీక్షించాలని, తొట్టిలో గొట్టం దించడం మాన్పించాలని కూడా రాశాను.

టైపు కాకముందే అన్నదమ్ములిద్దరూ లాబ్‌కు వచ్చారు. ఇద్దరూ కలిసి, ఒకే బెంచీ మీద. అటెండరు కళ్ళప్పగించి చూశాడు.

పెద్దోడే మాట్లాడాడు. "అయిందేదో అయిపోయింది సార్. కేసు మేమే ఎత్తేసుకుంటాము. మీరు ఎరువని మాత్రం రాయబాకండి. మా బాయి నీళ్ళు సెడిపోయినాయని కాయితమెక్కితే మా బెల్లం కొనేవోడుండడు. రేపు లోను ఇచ్చే బ్యాంకోడు గూడా అడుగుతాడు."

చిన్నోడి వైపు తిరిగాను. అతనూ ఒకసారి తల ఊపాడు. వాచిన చెవి ఇంకా తగ్గలేదు.

రాసింది మార్చనని చెప్పాను. మార్చడానికి నేను అక్కర్లేదు కదా. ఆఫీసరు గదిలోకి వాళ్ళతో పాటు కొట్టువాడూ వెళ్ళాడు. వాళ్ళ మధ్య ఏం చేతులు మారాయో నేను చూడలేదు, చూడనిది రాయను. అనుమానం మాత్రం ఈ రోజుకీ ఉంది. చివరకు పోలీసులకు వెళ్ళిన కాగితంలో ఉన్నది ఒకటే మాట: విషపదార్థం కనబడలేదు. కింద సంతకం ఆఫీసరుది. నా రిపోర్టు ఏమైందని అడిగితే, మనది నీళ్ళ శాఖ, వ్యవసాయం కాదు అన్నాడు.

పైవాళ్ళకు అర్జీ పెట్టాను. జవాబు రాలేదు, ఇంకొకటి పెట్టాను. దానికి జవాబు వచ్చింది గానీ అది నా మీద. ఆ ఊరి నుంచి నా మీద ఒక ఫిర్యాదు వెళ్ళిందట. నీళ్ళ పరీక్ష పేరుతో సెలవులో ఉన్న ఉద్యోగి వచ్చి, తాగే బావిలో రంగు మందు కలిపి, నీళ్ళు వాడకానికి లేకుండా చేశాడని. ఆఫీసరు నన్ను పిలిచి అది గట్టిగా చదివి వినిపించాడు. వరండా తలుపు తెరిచే ఉంచాడు. కింద పెద్దోడి సంతకం, దాని పక్కనే చిన్నోడిది. ఆ ఇద్దరి పేర్లూ ఒకే పక్షాన ఒకే కాగితం మీదికి రావడం వాళ్ళ తండ్రుల కాలం నుంచీ అదే మొదటిసారని మా అటెండరు తర్వాత కనుక్కుని చెప్పాడు. "మీరు కలిపినోళ్ళే సార్ వాళ్ళు" అన్నాడు. వాడి ఎగతాళిని మాత్రం నేను తప్పుపట్టలేదు. నేను వెళ్ళిపోయే రోజు సామాను మోసింది వాడొక్కడే.

నన్ను తడకు బదిలీ చేశారు. తిరుపతి బస్టాండులో ట్రంకుపెట్టె మీద కూర్చుని ఉంటే చిన్నోడు వచ్చాడు. పక్కకు వచ్చి నిలబడ్డాడు. 

"సంతకం పెట్టకుంటే నీళ్ళ వంతు లేదన్నాడు సార్ మాయన్న" అన్నాడు. "తోట ఎండిపోతాది గదా."

"నువ్వు జైలుకు పోకుండా ఆపింది నేను."

"అందుకే గదా సార్, యిన్నాళ్ళూ మొగం సూపించల్యాకపోయినాను."

ఆ మాట నిజమో, సాక్ష్యానికి మళ్ళీ ఎప్పుడైనా నేను అవసరపడతానని వచ్చాడో నాకు తెలియదు. మనిషి ముఖంలో అది తేల్చే పరీక్ష మా లాబ్‌లోనే కాదు, ఎక్కడా లేదు. ఇంట్లో తాగేది ఇంకా ఆ నీళ్ళేనా అని అడిగాను. ఇంకే నీళ్ళున్నాయన్నాడు. వాల్వు మార్పించారా అంటే, అన్న మార్పిస్తానన్నాడని చెప్పాడు.

"ఆ గొట్టమైనా తీసేశారా?"

బస్సు వచ్చింది. అతను నా ట్రంకుపెట్టె ఒక కొస పట్టుకుని పైకి అందించాడు. అందిస్తూ, నా వైపు చూడకుండా, "ఈ పైరొకటి దాటనీ సార్" అన్నాడు.

చెరుకు నరికిన చోటే, ఆ మొదళ్ళ నుంచే మళ్ళీ పైరు లేస్తుంది. ఆ సంగతి అతనికీ తెలుసు, నాకూ తెలుసు.